మేనమామ పెట్టిన బూట్లు

ముంబై పక్కన భివండీలో మా తెలుగువాళ్లు ఎక్కడ నలుగురు కూడినా, మాటల్లో మా స్వప్న పేరు వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "పాపం, మొదటిసారి గ్రౌండుల భయపడ్డది." పెళ్లి భోజనాల బంతిలో అంటారు, చాయ్ బండి దగ్గర అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను విస్తట్లో పప్పు ఎంత పలచగా ఉందో చూస్తున్నట్టు తల దించుకుని ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను. ఆ పిల్ల భయపడలేదు. దాన్ని ఓడించింది నా కుడిచేతి బొటనవేలూ, దాని పక్కనున్న చూపుడువేలూ. ఈ రెండు వేళ్లు కలిసి ఒక ఆడపిల్ల కాలివేళ్లన్నింటికీ చేసిన అన్యాయం ఏమిటో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. మా ఇంట్లో కూడా నవ్వారు. ఆ నవ్వు ఎక్కడ ఆగిందో కూడా వినండి.

ముందు ఆ వేళ్ల సంగతి.

ఊళ్లోని టెంఘర్‌లో మాకు చిన్న ఖార్ఖానా ఉంది. మా నాయన కరీంనగర్ దిక్కున గుంట మగ్గం విడిచి ఇక్కడికొచ్చి, ఇంకొకరి సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బతుకంతా నేశాడు. ఆ సాంచాల చప్పుడులోనే పుట్టి పెరిగిన నేను నాలుగు సొంత సాంచాలు పెట్టుకున్నాను. దాంతో గుడ్డ గురించి నాకు తెలియనిది లేదన్న నమ్మకం ఏర్పడింది. ఏ గుడ్డనైనా రెండు వేళ్ల మధ్య నలిపి అది ఎంత గట్టిదో, ఎన్ని ఉతుకులు ఆగుతుందో, నేసినవాడు ఆ పూట ఇంట్లో పోట్లాడి వచ్చాడో లేదో కూడా చెప్పగలననుకునేవాణ్ని. ఇది విద్య కాదు, జబ్బు. పెళ్లికొడుకు మీద అక్షింతలు వేయకముందే అతని సూటు అంచు నలిపేవాణ్ని. ఒకసారి డాక్టరు నా చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంటే, నేను రెండో చేత్తో ఆయన తెల్లకోటు పట్టుకుని, "డాక్టర్‌సాబ్, యే కపడా జ్యాదా దిన్ నహీ టికేగా" అన్నాను, ఈ గుడ్డ ఎక్కువ రోజులు ఆగదని. ఆయన నా బీపీ అంకె చూసి, "ఆప్ భీ నహీ టికోగే" అన్నాడు.

మా ఆవిడ సుజాత ఎప్పుడూ ఒక మాట అనేది. "నీకు మనుషులు కనవడరయ్యా. మనుషుల మీది బట్టలే కనవడ్తయి."

అప్పట్లో ఆ మాట నాకు పొగడ్తలా వినిపించింది.

ఇక స్వప్న. మా భారతక్క కూతురు, నాకు మేనకోడలు. వాళ్లిల్లు మా గల్లీలోనే, మా ఇంటి ఎదురు వరుసలో. చదివిందంతా మరాఠీ బడిలో కాబట్టి దాని నోట్లో మూడు భాషలు ఒకే గిన్నెలో వండిన కూరలా వస్తాయి. దగ్గర్లోని పూర్ణలో ఒక గోదాములో పొద్దంతా నిలబడి పార్శిళ్లకు స్కానర్ చూపించే పని చేసేది. కానీ దాని కళ్లు ఖాకీ మీద ఉండేవి. పోలీసు భర్తీలో ఎంపిక కావాలని తెల్లారగట్ల లేచి అంజూర్ ఫాటా దిక్కు రోడ్డు మీద, లారీలు మొదలవకముందే పరుగెత్తేది. వెంట వైశాలి అని ఇంకో పిల్ల. వైశాలి ఏ రోజూ మా స్వప్నను దాటి ముందుకు పోలేదు. వాళ్లిద్దరి వెనకాల కాపలాగా నేను స్కూటర్ మీద. మా అందరిలో ఎక్కువ ఆయాసపడేది ఆ స్కూటరే.

ఆ పిల్లతో నాకున్న పేచీ ఒక్కటే. నా చెప్పులు. గడప ముందు విడిస్తే మళ్లీ కనిపించేవి కావు.

"నా చెప్పులేవి?" అని అరిచేవాణ్ని.

"స్వప్న ఏస్కపోయింది, దుకాణానికి" అనేది సుజాత లోపలి నుంచి.

"ఏం, దానికి చెప్పులు లేవా?"

"ఉన్నయట. నీయి మంచిగ కూసుంటయట."

ఈ మాట ఒక్కటి మీరు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

భర్తీ గ్రౌండుకు, అంటే పరుగు పరీక్షకు, తారీఖు వచ్చింది. పరుగులో ఎంత తొందరగా చేరితే అన్ని మార్కులు. ఒక సాయంత్రం స్వప్న తన పాత బూట్లు తెచ్చి మా అరుగు మీద పెట్టింది. రెండింటికీ చిటికెన వేలి దగ్గర, పక్కన, పావలా బిళ్లంత చిల్లు.

"మామా, షూస్ పోయినయ్ చూడు. సుట్టీ దొరికినంక జావూన్ కొత్తయి తెచ్చుకోవాలె."

నేను బూటు అందుకుని ఆ చిల్లులోంచి వేలు దూర్చాను. బయటికి వచ్చిన వేలు నాకేసి చూసింది. నా జ్ఞానమంతా ఒక్కసారి మేలుకుంది.

"గుడ్డ కచ్చా. అందుకే చినిగింది."

"గుడ్డది కాదు మామా, నా కాలే జరా..."

"నువ్వు ఊకో. గుడ్డ సంగతి నాకు చెప్తవా?"

ఆ వాక్యం ఆ పిల్లను పూర్తిచేయనిచ్చి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. రెండు బూట్లకూ ఒకే చోట చిల్లు పడితే తప్పు గుడ్డలో లేదు, కాలి వెడల్పు గుడ్డను తోసుకుని బయటికి వచ్చింది అని చంటిపిల్ల కూడా చెప్పగలదు. కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నవాడు నాకంటే నయం. నేను పట్టిన కుందేటికి కాళ్లే లేవు, ఉత్త తోలే.

పిల్ల వెళ్లిపోయాక ప్రకటించాను. "బూట్లు నేను పెడ్త."

"పెట్టు. పిల్లను తీస్కపో" అంది సుజాత.

"తీస్కపోతే మేనమామ పెట్టినట్టు ఎట్లయితది? బజారుకు పోయినట్టయితది."

మీకు మా సంగతి తెలియకపోతే చెబుతున్నాను. మాలో ఆడపిల్లకు ప్రతి శుభకార్యంలో మొదటి బట్ట మేనమామే పెట్టాలి. స్వప్న చెవులు కుట్టించింది నా ఒళ్లోనే, మొదటి ఓణీ తెచ్చింది నేనే. అలాంటిది ఆ పిల్ల బతుకులో ఇంత పెద్ద పని జరగబోతుంటే, కాళ్లకు తొడిగేవి దాని జీతంతో కొనుక్కుంటుందా? ఇక మా అక్క ముఖం ఎలా చూడాలి?

"మరి కొలత?" అంది సుజాత.

"అది నాకిడిచిపెట్టు."

మరునాడు రాత్రి, డ్యూటీ దిగి వచ్చి చాప మీద నిద్రపోతున్న స్వప్న పాదాల దగ్గర నేను దొంగలా కూర్చున్నాను. చేతిలో మా సాంచె నుంచి తెంపిన పడుగు పోగు. మడమ నుంచి బొటనవేలి కొస దాకా పోగు పెట్టి, అక్కడ ముడివేసి, జేబులో పెట్టుకున్నాను. ఒకే పోగు, ఒకే ముడి. పొడవు వచ్చింది. వెడల్పు అనేది ఒకటుంటుందని రోజూ గుడ్డ పన్నా, అంటే వెడల్పు, కొలిచి అమ్మే నాకు ఆ క్షణాన తోచలేదు. నిద్రపోయే కాలు వేరు, ఒంటి బరువంతా మోస్తూ పరుగెత్తే కాలు వేరు అన్నది అసలే తోచలేదు. మా అక్క తలుపు దగ్గర నిలబడి, "ఏం చేస్తున్నవురా?" అని గుసగుసగా అడిగింది. "కొలత" అన్నాను, పెద్ద డాక్టరులా పెదవుల మీద వేలు పెట్టి.

తెల్లారి బూట్ల దుకాణంలో కుర్చీలో కూర్చుని ఆ పోగు బయటికి తీసినప్పుడు అమ్మేవాడి ముఖం చూడవలసింది.

"నంబర్ క్యా హై, సేట్?"

"యే లో నంబర్."

అతను పోగును రెండు చేతులతో పట్టుకుని దీపానికి ఎదురుగా చూశాడు. "యే క్యా హై?"

"నంబర్. గాంఠ్ దేఖో, గాంఠ్. వహా తక్ పాఁవ్ హై."

"బచ్చీ కో లే ఆతే తో అచ్ఛా హోతా." పిల్లను తెస్తే బాగుండేదంటాడు.

"బచ్చీ కో మాలూమ్ నహీ. మామా దే రహా హై."

అతను మొదట తెచ్చిన జత ముందు భాగం మెత్తగా, జాలీలా ఉంది. నా వేళ్లు దాన్ని ముట్టుకుని వెంటనే వెనక్కి వచ్చాయి.

"యే తో మచ్ఛర్‌దానీ హై" అన్నాను. దోమతెర అన్నమాట.

"హవా పాస్ హోతీ హై, సేట్. పాఁవ్ ఫైల్తా హై తో యే భీ ఫైల్తా హై." గాలాడుతుందట, కాలు విచ్చుకుంటే బూటూ విచ్చుకుంటుందట.

"హవా కే లియే ఘర్ మే పంఖా హై. దూస్‌రా దిఖావ్."

అలా ఒకదాని తర్వాత ఒకటి నలుపుతూ పోయాను. దుకాణంలో మిగతావాళ్లు బూట్లు తొడుక్కుని అటూ ఇటూ నడుస్తున్నారు, గెంతుతున్నారు. నేనొక్కణ్నే కూర్చుని బూట్ల చెంపలు గిల్లుతున్నాను. చివరికి ఒక జత చేతికి వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే నలగలేదు. గోటితో గీకితే గీత పడలేదు. జేబులోంచి పోగులు లెక్కపెట్టే చిన్న అద్దం తీసి కంటికి ఆనించి చూశాను. పడుగూ పేకా ఒకదాన్నొకటి కౌగిలించుకుని గోడ కట్టినట్టున్నాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది.

"క్యా బునాయీ హై" అన్నాను.

"సేట్, ఆప్ కపడే కే ఆద్మీ హో. ఆప్‌కో హమ్ క్యా సమ్‌ఝాయేఁ" అన్నాడు అతను అలసిపోయి.

గుడ్డ మనిషికి మేమేం చెప్పగలమన్న ఈ మాట విన్న తర్వాత నాకిక బుర్రతో పని లేకపోయింది. పోగును బూటులో వేశాను. ముడి సరిగ్గా మొనకు తాకింది. అయినా అతను ఊరుకోలేదు, బిగుతుగా ఉంటుంది, మీరే ఒకసారి కాలు పెట్టి చూడండన్నాడు. "జరా టైట్ లగ్తా హై. ఆప్ హీ ఏక్ బార్ పాఁవ్ డాల్‌కే దేఖో నా."

నేను నవ్వాను. నా కాలికీ మేనకోడలి కాలికీ ఏం చుట్టరికమని దుకాణమంతా వినేలా నవ్వాను. "మేరే పాఁవ్ సే భాంజీ కే పాఁవ్ కా క్యా రిష్తా, భాయ్?"

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ కాలు లేదు, వెడల్పు లేదు, బూట్లు మాత్రం మజ్‌బూత్.

ఆ సాయంత్రం మా అక్కవాళ్లింట్లో పీట వేయించాను. ఇత్తడి పళ్లెంలో రవికె గుడ్డ పరిచి, దాని మీద కొబ్బరికాయ, పక్కన బూట్లు. వట్టి బూట్లు ఇవ్వడమేమిటని రెండింటి మొనల మీదా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. తెల్లటి బూట్లు. బొట్లు పెట్టాక అవి గృహప్రవేశానికి సిద్ధమైన గడపల్లా మెరిశాయి. స్వప్న పీట మీద కూర్చుంది. మా అక్క కళ్లొత్తుకుంది. మా బావ నర్సయ్య నెమ్మదస్తుడు, మాట తక్కువ మనిషి. ఆయన కూడా, "మంచిగ పెట్టినవ్ రాజేశం" అన్నాడు.

"తొడుగు బిడ్డా" అన్నాను.

స్వప్న తొడిగింది. మొదట ముఖం వెలిగింది, తర్వాత ఎక్కడో ఒక ఫ్యూజు పోయినట్టు అయింది. లేచి నిలబడింది. రెండడుగులు వేసింది, కాలిన పెనం మీద పిల్లి నడిచినట్టు.

"ఎట్లున్నయి?"

అది నన్ను చూసింది, నా చేతిలో పళ్లెం చూసింది, వాళ్లమ్మను చూసింది. "బాగున్నయి మామా. మస్త్" అంది.

నాకు ఆ నడక వినయంలా కనిపించింది. ఉత్సాహం పట్టలేక పాత బూట్లు తీసుకుపోయి, సందు చివర పాత సామాన్ల కోసం కేకేస్తున్న భంగార్‌వాలా బండిలో నా చేతులతోనే విసిరేశాను. చిల్లులు పడ్డవే, కానీ ఆ చిల్లుల్లోంచే ఆ పిల్ల వేళ్లు ఊపిరి పీల్చుకునేవి. ఆ కాస్త ఊపిరి కూడా తీసేసి చేతులు దులుపుకుని వచ్చాను.

తర్వాత రోజుల్లో పరుగు తగ్గింది. స్కూటర్‌కు ఆయాసం తగ్గింది. వైశాలి ఒకసారి స్వప్నతో సమానంగా వచ్చింది, ఇంకోసారి కొంచెం ముందుకు కూడా పోయింది.

"గట్టిగున్నయా?" అని అడిగాను.

"జర... చల్తా హై మామా. అలవాటయితది."

"కొత్త బట్ట గంజితోని గట్టిగనే ఉంటది. నీళ్లల్ల ఏస్తే గంజి పోతది, మెత్తగైతయి."

నేసిన బట్టకు గంజి ఉంటుంది, నిజమే. బూటుకు గంజి ఉంటుందని నాకెవరు చెప్పారో నాకే తెలియదు. బకెట్లో నానబెట్టాను. ఎండలో మిద్దె మీద ఆరేశాను. లోపలి మెత్త అంచులు అప్పడంలా పైకి లేచాయి, పైగుడ్డ మాత్రం ఇసుమంత కూడా సాగలేదు. "చూసినవా, ఎంత నాణ్యమో" అన్నాను సుజాతతో. ఆమె బూటు లోపల చెయ్యి పెట్టి చూసి, "పిల్లనడుగు" అంది. "అడిగిన. బాగున్నయంది" అన్నాను. సుజాత బూటు నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

గ్రౌండు రోజు బావ, నేను గేటు బయట ఇనుప జాలీ పట్టుకుని నిలబడ్డాం. లోపల ఆడపిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. మా పిల్ల బూట్ల మీద పసుపు మరక దూరానికి కూడా కనిపిస్తోంది. ఈల మోగింది. మొదటి రౌండు సగం దాకా స్వప్న ముందే ఉంది. "చూడు బావా, గుడ్డ" అన్నాను. ఆయన పిల్లను చూస్తున్నాడు. నేను గుడ్డను చూస్తున్నాను.

తర్వాత ఏమైందో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. స్వప్న అడుగు పక్కకు పడటం మొదలైంది. పాదం మొత్తం ఆనించకుండా మడమల మీద పరుగెత్తుతోంది. ఒకరు దాటారు. ఇంకొకరు దాటారు. వైశాలి దాటుతూ వెనక్కి తిరిగి చూసింది, ఏమైందని. స్వప్న ఆగలేదు. కుంటుతూనే గీత దాటింది. బయటికి వచ్చినప్పుడు బూట్లు చేతిలో ఉన్నాయి. తెల్ల సాక్సులు చిటికెన వేళ్ల దగ్గర ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు బావ.

"ఏం లేదు బాపూ. కాలేదు" అంది. కొత్త బూట్లు కాస్త కొరికాయనుకుని బావ అంతటితో వదిలేశాడు.

లిస్టులో వైశాలి పేరుంది. మా పిల్ల పేరు లేదు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు పెద్దలు. అడుసు తొక్కింది నేను, కాలు కడుక్కున్నది ఆ పిల్ల. ఆ సాక్సులు నీళ్లలో పెట్టి మా అక్క ఉతుకుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద అనుకుంటున్నారు? బూట్లమ్మినవాడి మీద. నా మీద నాకు కోపం రావడానికి ఇంకా కొంత టైము ఉంది.

బూట్లు సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్లాను. "కైసా మాల్ దియా తుమ్‌నే? బచ్చీ కా పాఁవ్ ఖరాబ్ హో గయా" అని మొదలుపెట్టి, నాకొచ్చిన హిందీ అంతా అతని మీద కుమ్మరించాను. అతను నన్ను గుర్తుపట్టలేదు. బూట్ల మొనల మీది పసుపును గుర్తుపట్టాడు.

"అరే, హల్దీవాలే జూతే" అన్నాడు. "సేట్, వో బచ్చీ తో దూస్‌రే హీ దిన్ ఆయీ థీ. బోలీ, చౌడే వాలే దే దో, బదల్ దో. మై బోలా, హల్దీ కుంకుమ్ లగా హువా మాల్ మై కైసే వాపస్ లూఁ? కౌన్ ఖరీదేగా?"

మరునాడే పిల్ల వచ్చి వెడల్పువి మార్చివ్వమందట, పసుపు కుంకుమ పెట్టిన సరుకు వాపసు తీసుకోనన్నాడట. నా నోట్లో హిందీ అయిపోయింది.

"ఔర్ ఏక్ బాత్ బోలీ" అన్నాడు. "మామా కో మత్ బతానా." మామకు చెప్పొద్దందట.

స్కూటర్ మీద ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. స్వప్న అరుగు మీద కూర్చుని వేళ్లకు పసుపు పట్టు వేసుకుంటోంది. అదే పసుపు. బొట్టుగా పెట్టింది నేను, మందుగా పెట్టుకుంటున్నది అది.

"నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె మామా? నువ్వు పళ్లెం పట్టుకొని నిలబడ్డవ్. అమ్మ ఏడుస్తున్నది. మేనమామ పెట్టింది వద్దంటరా ఎవరన్న?"

"నువ్వే కొనుక్కుంటే కాకపోవునా ఇంకో జత?"

"అవి ఏస్కొని ఉరుకుతే నువ్వు వెనక స్కూటర్ మీద చూస్తవు గద" అంది. నవ్వడానికి ప్రయత్నించింది.

మీరు ఇక్కడైనా నేను మనిషినయ్యానని అనుకుంటారు. కాలేదు. అదే వారం ఒక పెళ్లిలో పెద్దమనుషులు, "ఏమైందటరా మీ పిల్లకు?" అని అడిగారు. నేను గొంతు సవరించుకునే లోపే పక్కనుంచి ఒకాయన, "ఏమయితది, ఆడపిల్ల గద, గంతమందిని చూసి భయపడ్డది గావచ్చు" అన్నాడు. నేను అవుననలేదు. కాదని కూడా అనలేదు. పప్పు వడ్డించేవాడిని పిలిచాను. ఆ మాట ఆ బంతిలో నుంచి లేచి, చేతులు కడుక్కుని, భివండీ అంతా తిరిగింది.

అది తిరిగి తిరిగి చివరికి మా బావ చెవిలో పడి అక్కడే కూర్చుంది.

మళ్లీ భర్తీ పడింది. స్వప్న ఫారం నింపుతానంటే బావ వద్దన్నాడు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి, అప్పుడూ పెంచలేదు. అదే కష్టం. పెంచి ఉంటే వాదించవచ్చు.

"అందరంటున్నరు భయపడ్డదని. భయపడే పిల్లను మల్ల మల్ల గాడికెందుకు తోలుడు? పూర్ణల పని మంచిగనే ఉంది. ఉండనీ" అన్నాడు.

స్వప్న నావైపు చూసింది. అది చెప్పవచ్చు, మామ తెచ్చిన బూట్ల వల్ల అని. చెప్పలేదు. నేను వాళ్ల కిటికీ కర్టెను అంచు నలుపుతూ నిలబడ్డాను.

సుజాత లేచి మా ఇంటికి వెళ్లింది. తిరిగి వచ్చి ఆ బూట్లను, పసుపు మరకలతో సహా, అందరి మధ్యలో పెట్టింది. "ఇప్పుడన్న నోరు తెరువయ్యా" అంది నాతో.

తెరిచాను. "బావా, పిల్ల భయపడలే. బూట్లు పట్టలే. నేనే తెచ్చిన, నేనే నానవెట్టిన, పాతయి నేనే పారేసిన."

బావ బూట్లవైపు చూశాడు. "మంచిగనే కనవడ్తున్నయి గద" అని, వంగి ఒకటి కాలికి తొడిగాడు. వెన్నలో కత్తిలా జారిపోయింది. రెండోది తొడిగాడు. లేచి గుమ్మం దాకా నడిచి వచ్చాడు. ఇంకోసారి నడిచాడు. ఆయన ముఖంలో నేనెన్నడూ చూడని సుఖం.

"మెత్తగ, హాయిగున్నయి రాజేశం. గివిట్ల దోషం ఏమున్నది?"

నా ప్రాణం పోయింది. నేరస్థుడు నేరం ఒప్పుకున్నాక సాక్ష్యం అడ్డం తిరగడం ఇదేననుకుంటాను. సుజాత నుదురు కొట్టుకుంది. మా అక్క, "నువ్వు కూసోరాదు" అంది బావతో. ఆయన ఇంకో రౌండు నడిచాడు.

అప్పుడు స్వప్న నవ్వింది. గ్రౌండు తర్వాత అది మనసారా నవ్వడం అదే మొదటిసారి.

"బాపూ, అవి నీ కాలుకు పడ్తయి. నీది సన్నకాలు. నాది నీ కాలు కాదు. మామా, నువ్వేస్కో."

"నేనెందుకు?"

"ఏస్కో తర్ ఖరా."

వేసుకున్నాను. వేళ్లు లోపలికి వెళ్లాయి. చిటికెన వేలు దగ్గర ఆగిపోయింది. తోశాను. మా అక్క వెనక నుంచి మడమ పట్టుకుని నూకింది. ఎలాగో దూరింది. దూరాక తెలిసింది, అది బూటు కాదు, చెరుకు గానుగ అని. లేచి నిలబడగానే చిటికెన వేలు దాని పక్కవేలి మీద ఎక్కి కూర్చుంది. గుమ్మం దాకా కూడా పోలేకపోయాను. తీయబోతే రాలేదు. బావ ఒక్క ఊపున లాగితే బూటుతో పాటు ఆయన అవతల గోడకు, నేను ఇవతల గోడకు పడ్డాం. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

స్వప్న వచ్చి నా పాదం పక్కన తన పాదం పెట్టింది. ముందు విసనకర్రలా విచ్చుకున్న పాదం, పక్కకు పొడుచుకొచ్చిన చిటికెన వేలు. అదే పొడవు, అదే వెడల్పు. గుంట మగ్గం తొక్కుతూ కూర్చునే మా నాయన పాదం. అక్కకొచ్చింది, నాకొచ్చింది, దానికొచ్చింది. నా వేలు అప్పటికే ఎర్రబడింది.

"గీ కాలుతోని రెండు రౌండ్లు ఉరుకు మామా" అంది. కోపంతో కాదు. మామూలుగానే అంది.

నవ్వు ఆగిపోయింది.

"నా కొలతకు దారమెందుకు? రోజూ నీ చెప్పులే ఏస్కపోతుంటి గద" అంది మళ్లీ, మెల్లగా.

బావ ఆ రెండు పాదాలనూ చాలాసేపు చూశాడు. తర్వాత కూతురి తల మీద చెయ్యి పెట్టి, "ఫారం నింపుకో బిడ్డా" అన్నాడు.

ఆ తర్వాత బూట్లు అది తనే కొనుక్కుంది. నన్ను వెంట తీసుకుపోయింది, కానీ దుకాణం బయట మెట్ల మీద కూర్చోబెట్టింది. గాజులోంచి చూశాను. పొద్దంతా నిలబడి పాదాలు ఉబ్బిన సాయంత్రం పూట వెళ్లింది. తొడిగింది, నిలబడింది, వేళ్లు ఆడించి చూసుకుంది, దుకాణంలోనే అటూ ఇటూ పరుగెత్తింది. ఎక్కడా నలపలేదు, గిల్లలేదు. మెత్తటి మచ్ఛర్‌దానీ లాంటిదే తీసుకుంది. ఆ బూట్లకు ఎవరూ బొట్టు పెట్టలేదు.

ఈసారి లిస్టులో పేరు వచ్చింది. ఇప్పుడు ట్రైనింగులో ఉంది. మొన్న ఫోనులో, "ఈడ వైశాలిని కలిసిన మామా. నా వెనుక ఉరికేది, ఇప్పుడు నాకు సీనియర్" అని నవ్వింది. అది నవ్వింది కాబట్టి నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక నవ్వలేదు. పోయిన ఆ కాలాన్ని ఏ దుకాణంవాడూ మార్చి వాపసు ఇవ్వడు.

ఆ బూట్లా? బావ వేసుకుంటున్నాడు. రోజూ పొద్దున మా ఖార్ఖానా ముందునుంచే చాయ్‌కి నడిచిపోతాడు. పసుపు మరక చెరిగిపోయింది, అడుగు అరిగిపోయింది, గుడ్డ మాత్రం ఒక్క పోగు లేవలేదు. "ఏం గుడ్డ తెచ్చినవ్ రాజేశం" అంటాడు దాటిపోతూ, నిజంగానే మెచ్చుకుంటూ. నేను రెండు వేళ్లూ జేబులో దాచుకుంటాను.

నిన్న ఒక పెళ్లిలో మళ్లీ ఆ భయపడ్డ మాట వచ్చింది. ఈసారి పప్పు వైపు చూడలేదు. ఆ పెద్దమనిషి ముందు కాలు చాపి, చిటికెన వేలు చూపించి, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆయన తల ఊపుతూ అంతా విన్నాడు. విని, ముందుకు వంగి, నా ప్యాంటు అంచు రెండు వేళ్లతో నలిపి, "గుడ్డ మంచిగుంది, యాడ తీస్కున్నవ్?" అన్నాడు. నోటిమాటతో మావాళ్లకు ఎక్కదని తెలిసింది. అందుకే ఈ రాత.

కాబట్టి మా నాయన తొక్కిన గుంట మగ్గం మీద, నేను నడిపే సాంచాల మీద ఒట్టుపెట్టి చెబుతున్నాను. ఇకమీదట పాదం వెంట లేకుండా బూటు కొనను. పోగుతో గుడ్డనే కొలుస్తాను, మనిషిని కొలవను. తొడిగి, పరుగెత్తి, "బాగున్నయి" అని రెండుసార్లు అనేదాకా దేనికీ పసుపు రాయను. మనుషులు మాట్లాడుతుంటే నడుమ చెయ్యెత్తను.

ఇంకొకటి. ఇప్పుడు నా చెప్పులు గడప ముందు ఎక్కడ విడిస్తే అక్కడే ఉంటున్నాయి. ఎవరూ ముట్టుకోవడం లేదు. సెలవు మీద ఆ పిల్ల ఇంటికొచ్చి వాటిని వేసుకుపోయిన రోజున, నోరెత్తకుండా, ఉత్తకాళ్లతో ఖార్ఖానాకు నడిచిపోతాను.